అడవిపంది చచ్చిపోయిన ఆదివారం

నా ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా చీఫ్ ఆఫీసరు గారికి, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు పొగ మింగిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చుని ‘తొందరగా ముగించండి’ అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారం. (నవ్వులు)

ఇందాకటినుంచి మాట్లాడినవాళ్లంతా నన్ను ధైర్యవంతుడన్నారు. కాదనడం మర్యాద కాదు కనుక ఊరుకున్నాను గానీ, ఈ అగ్నిమాపక దళంలో ముప్పై ఒక్క ఏళ్లు కుక్కల్ని నడిపించినవాడు, మధ్యలో ఎనిమిది నెలలు కుక్క మొహం చూడకుండా స్టోర్సు గదిలో గొట్టాలు చుట్టుకుంటూ కూర్చున్నాడన్న సంగతి ఎవరూ ఎత్తలేదు. అది మీ మంచితనం. కాబట్టి నేనే చెబుతాను.

అప్పటి నా కుక్కను మీలో పాతవాళ్లు ఎరుగుదురు. పెద్దోడు అనేవాళ్లం. కూలిన కట్టడాల కింద ఉన్న మనుషుల్ని వాసన పట్టడం వాడి పని. ఆరేళ్ల కిందట ఆ కాగితాల గోదాము కూలిన రోజున వాడు లోపలికి వెళ్లాడు, మిగిలిన గోడ వాడి మీద పడింది. వాడు పోయేముందు మొరిగిన చోట తవ్వితే ఇద్దరు మనుషులు ప్రాణాలతో దొరికారు. నేను మాత్రం స్టోర్సుకు మార్చమని అర్జీ పెట్టుకున్నాను.

అప్పట్లో మా మేనకోడలు మా ఇంట్లో ఉండి చదువుకునేది. ఆదివారం మధ్యాహ్నం దాని స్నేహితులు వచ్చి, భోజనాల బల్ల మీద కాగితాలు, పాచికలు పరుచుకుని ఒక ఆట ఆడేవారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఆ కథలో పాత్రలు. ఒకడు కత్తివీరుడు, ఒకతె మంత్రగత్తె. ఏం చేస్తారో నోటితో చెప్పాలి, అది నెగ్గిందో లేదో పాచిక తేలుస్తుంది. ఒక వారం మనిషి తక్కువయ్యాడు. ‘మామయ్యా, ఎలాగూ గోడ వైపు చూస్తూ కూర్చుంటున్నావు, ఆ చూసేదేదో ఇటొచ్చి చూడు’ అంది.

నాకు మృగమిత్రుడనే పాత్ర ఇచ్చింది. వాడికి మంత్రాలు రావు, కత్తి అంతంతమాత్రం. ఒక జంతువుతో జత కడతాడు, ఇద్దరూ కలిసి బతుకుతారు. ‘కుక్క తప్ప ఏదైనా ఇవ్వు’ అన్నాను. అడవిపందిని ఇచ్చింది. (నవ్వులు) నవ్వండి, పర్లేదు. జోడీ బాగా కుదిరిందని మా ఆవిడ అప్పుడే నవ్వింది.

దానికి గుమ్మడి అని పేరు పెట్టుకున్నాను. కాగితం మీది పంది, అంతే. అయినా వారమంతా గొట్టాలు చుడుతూ, వచ్చే ఆదివారం దాన్ని ఎటు నడిపించాలా అని ఆలోచించేవాణ్ణి. అలా ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం కథలో పాత వంతెన వచ్చింది. అవతల మనుషులు చిక్కుకున్నారు, వంతెన బరువు ఆపుతుందో లేదో తెలియదు. ‘ముందు గుమ్మడిని పంపుతాను’ అన్నాను, అలవాటుగా. పాచిక వేశాను. ఒకటి పడింది. వంతెన విరిగి పంది పోయింది.

కత్తివీరుడి పాత్ర ఆడే కుర్రాడు ఆట పుస్తకం తిరగేసి, ‘ఏం పర్లేదు అంకుల్, ఒక రోజు అడవిలో కూర్చుంటే ఇంకో జంతువు వస్తుంది, రూలుంది’ అన్నాడు.

‘అంత తేలికా?’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

‘తేలికని రాయలేదు మామయ్యా, వస్తుందని రాశారు’ అంది మా మేనకోడలు. ‘వచ్చేది గుమ్మడి కాదు. దానికి నీ మాట తెలీదు, నీ ఈల తెలీదు. మొదటినుంచి మొదలుపెట్టాలి.’



అప్పుడు వాళ్లకు చెప్పాను. ఆ రోజు గోదాము గుమ్మం దగ్గర పెద్దోడు ఆగిపోయాడు. రెండుసార్లు వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. వెళ్లమని చెయ్యి ఊపింది నేను. గోడ పడిందని రిపోర్టులో రాశాను గానీ చెయ్యి ఊపానని రాయలేదు. లోపల మనుషులున్నారు కదా, మళ్లీ అలాంటి రోజు వస్తే మళ్లీ ఊపుతానేమో కూడా. కానీ ఎనిమిది నెలలు ఆ ముక్క ఎవరితోనూ అనలేకపోయాను, ఒక పంది చస్తే గానీ నా నోరు పెగల్లేదు. ఎవరూ ఓదార్చలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

మర్నాడు కుక్కల విభాగానికి వెళ్లాను. ఎవరికీ లొంగని ఆడకుక్క ఒకటి ఉండేది, పిడుగు అనేవాళ్లు. నెల రోజులు నా చేత్తో పెడితే ముట్టలేదు. పెద్దోడి ఈల దానికి పట్టలేదు, దానికోసం నేనే కొత్త ఈల నేర్చుకున్నాను. తర్వాతి సంగతి మీకు తెలుసు. కూలిన మెట్ల కింద రెండు రోజులు ఇరుక్కుపోయిన దర్జీ గారు ఆ మూల కూర్చున్నారు, నా గురించి అడిగితే కుక్క గురించి చెబుతారు. (నవ్వులు)

పిడుగును ఇంటికి తీసుకెళ్తానంటే చీఫ్ గారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. కానీ నిన్న పొద్దున మైదానంలో నా తర్వాత దాన్ని నడిపించబోయే మా కొత్త చెల్లెమ్మ ఈల వేస్తే, అది రివ్వున ఆమె దగ్గరికి పరుగెత్తింది. నావైపు చూడలేదు. గుండె కలుక్కుమంది, అబద్ధమెందుకు. దానికి ఇంకా రెండేళ్ల పని ఉంది. అయ్యా, నా కోరిక వెనక్కి తీసుకుంటున్నాను. దానికోసం వరండాలో పాత దుప్పటి పరిచి ఉంచిన మా ఆవిడకు విడిగా క్షమాపణ చెప్పుకుంటాను.

చెల్లెమ్మా, ఎడమ చెవిలో మందు వేసేముందు కుడి చెవి నిమురు. అలిగితే బతిమాలకు, పక్కన కూర్చో, అదే వస్తుంది.

ఇప్పుడు పిడుగు ముందు గేటు దగ్గర కట్టేసి ఉంది. నేను వెనక గుమ్మంలోంచి వెళ్తాను. దయచేసి నన్నెవరూ పేరు పెట్టి గట్టిగా పిలవకండి, దానికి వినబడుతుంది. ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు ఇప్పించండి.