గడ్డి పరిచిన పెట్టె

జప్తు చేసిన పెంపుడు జంతువులను ఉంచే ఆఫీసు వరండాలో, ఎండుగడ్డి పరిచిన పెట్టెను ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుని ఉంది. లోపలి నుంచి గుమాస్తా వచ్చాడు.

“మీ తాబేలు లేదమ్మా. చచ్చిపోయింది.”

“లైసెన్సు ఉందని నెత్తీనోరూ కొట్టుకున్నా వినకుండా పట్టుకెళ్లారు. పొరపాటైందని, వచ్చి తీసుకెళ్లమని మీ పెద్దాఫీసరే చెప్పాడు కదా.”

“మేం బాగానే చూసుకున్నామమ్మా. చలి మొదలవగానే తిండి మానేసింది. తల లోపలికి లాక్కుంది. ఎంత కదిపినా కదల్లేదు.”

“డాక్టరుకి చూపించారా?”

“చచ్చినదానికి డాక్టరెందుకని పెరట్లో పాతిపెట్టేశాం.”

“అది చలిదేశపు తాబేలు బాబూ. మా ఆయన తెచ్చిన దగ్గర్నుంచీ చలికాలమంతా ఈ పెట్టెలోనే నిద్రపోయేది. ఎండలొచ్చాక తనే లేచేది. పట్టుకెళ్లిన రోజే మీవాళ్లకి చెప్పాను.”

“మాకెవరూ చెప్పలేదమ్మా.”

“ఎక్కడ పాతారో చూపించు. ఎండలు ఇప్పుడిప్పుడే కదా మొదలయ్యాయి.”

“అక్కడ కొత్త షెడ్డు లేపారు. నేలంతా సిమెంటు చేశారు.”

“గడ్డపార ఉందా?”

“ఉందమ్మా. కానీ తవ్వాలంటే పైనుంచి పర్మిషన్ రావాలి.”