గాబ్రియేలు గులాబీ మడి

"రాయి తల్లీ దీవెనా, రాయి! ఆదివారం కోత పండక్కి ప్రథమ ఫలం గులాబీలు. ఎవరివి? గాబ్రియేలువి! పెద్దక్షరాలతో రాయి. చర్చిలో పేరు చదివితే మైకు అదరాల."

ఆలూరు బస్టాండు పక్కన లక్ష్మక్క టీ అంగడి. బెంచీ మీద రిటైరైన అటెండరు గాబ్రియేలు, పక్కన ఆయన దోస్తు దేవేంద్రప్ప. సండేస్కూలు టీచరు దీవెన పుస్తకం పట్టుకుని నిలబడింది. పండక్కి ఎవరు ఏం తెస్తారో పేర్లు రాసుకోవడం ఆమె పని.

"రాహేలమ్మత్త పేరు గూడా రాద్దునా మామా?"

"నా పెండ్లాం పేరెందుకు? ఈ గడ్డన గులాబీలు పూస్తాయా అని అనిందే ఆమె! ఊరంతా అనింది. పూయిస్తా, ఎవురడ్డమొస్తారో చూస్తా అంటి. ఇంటి ముందర లాన్ ఉండాది గదా, దాని నడిమధ్యన మేకు కొడ్తి, టెంకాయ దారం కడ్తి, సున్నంతో గుండ్రంగా గీత గీస్తి. యాడా వంకర లేదు. దావన పోయే ఇంజనీరు బండి నిలిపి, ఏమప్పా, ఏ కాలేజీలో చదివినావు అనె."

"మొన్న మేస్త్రీ అంటివే?" అన్నాడు దేవేంద్రప్ప.

"ఇద్దరూ వచ్చిరి! ఇంగ తవ్వితి. రెండడుగులకే బండ తగిలె. గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎనిమిది నూర్ల అడుగుల బోరేసినా తేమ తగలని ఊర్లో, టెంకాయచెట్టంత ఎత్తున నీళ్లు లేచె! వీధంతా మూడు దినాలు బిందెలు నింపుకొనిరి. నాలుగోనాడు, చాల్లే పో అని నేనే కాలితో అదిమి మూస్తి."

"ఆ మూడు దినాలూ ట్యాంకరు కోసం నేనెందుకు కాచుకుంటినన్నా?" అంది లక్ష్మక్క.

"మీది మిట్ట గదక్కా, నీళ్లు ఎక్కలే! ఇంగ ఎరువు. మందులు నాకొద్దు. ఎరువుకని చేన్లో రాత్రంతా గొర్రెల మంద కట్టిస్తాము గదా, అట్లనే హనుమన్న గొర్రెలు రెండు నూర్లు తోలించి లాన్ మీదే మంద కట్టిస్తి. సున్నం గీత దాటితే బాగుండదు అని గొర్రెలకు చెప్తి. ఒక్కటి దాటిందేమో అడుగు! ఎరువంతా గీత లోపలే వేసి, తెల్లారి నాకు తల వంచి పోయె. అప్పుడు నలభై అంట్లు నాటితి, నడిమధ్యన ఎత్తువి, అంచున పొట్టివి, ఎర్రటివి ఒక వరస, పసుపుపచ్చవి ఒక వరస. పది దినాలకే పువ్వు, గంపంత పువ్వు! రాజంపేట నుంచి తేనెటీగలు ఆర్టీసీ బస్సెక్కి వచ్చె, కండక్టరు అన్నిటికీ టికెట్ కొట్టె. ఒక్క పువ్వు కింద చిన్న ఈరన్న పెండ్లి భోజనాలు పెట్టిరి, షామియానా లేకుండా! వాసనకి మబ్బు గూడా దారి తప్పి మా లాన్ మీదికి వంగె."

"వాన పడిందా మామా?"

"పువ్వును చూసి సిగ్గుపడి పాయె!"

లక్ష్మక్క టీ గ్లాసు అందించబోయి ఆగింది. "రెండు చేతులూ చూపన్నా."

"ఎందుకక్కా?"

"చూపు."

చూపించాడు. మెత్తటి చేతులు.

"నలభై ముళ్లచెట్లు నాటినోని చేతికి ఒక్క గీత లేదే! ఆ చెట్లు చూసుకునే రాహేలమ్మకు నిన్న మోచేతుల దాకా నేనే నూనె పూస్తి, ముళ్ల గీతల్లో చర్మం కనపడలే. నీ గొర్రెలు ఎరువేసింది నిజమే, లాన్ మాత్రం వేర్లతో సహా మేసిపాయె. పచ్చగడ్డి మీద ఎవరన్నా మంద కడ్తారా? ఆ బోడినేల చూసి ఆమె ఏడ్చె, ఏడ్చి మడి వేసె. నీవు మొగం చూపలేక వారం దినాలు ఈ బెంచీ మీదే ఉంటివి."

దేవేంద్రప్ప నవ్వు ఆపుకోలేకపోయాడు. గాబ్రియేలు చేతులు తువాలు కింద దాచుకున్నాడు. మొహం కందిపోయింది, తల మాత్రం వంచలేదు.

"ఏం రాయమంటావు మామా?" మెల్లగా అడిగింది దీవెన.

"రాహేలమ్మ అని రాయి! పెద్దక్షరాలతోనే రాయి, నాకేం భయమా? గొర్రెలు మేయకపోయింటే ఆమెకు మడి యాడిది? కింద చిన్నక్షరాలతో రాయి, నేల బోడి చేసినోడు గాబ్రియేలు అని. అది గూడా మైకులో చదవాల!"

దీవెన రాహేలమ్మ పేరు ఒక్కటే రాసి, పుస్తకం మూసింది.