మొదటి పీతకాలు

జపాన్‌లోని సప్పొరోలో, ఒక హోటల్లో మధ్యాహ్నం బఫే. యాత్ర బస్సులో వచ్చిన ఒక పెద్దాయన ఎదురుగా, అదే బస్సులో వచ్చిన ఒకావిడ వచ్చి కూర్చుంది.

"ఏమండీ, పీతకాళ్లు గుట్టగా తెచ్చుకుని అలా చూస్తూ కూర్చున్నారేం?"

"ఒలవడం రాదండీ. ఎప్పుడూ మా ఆవిడే ఒలిచి పెట్టేది. పోయి రెండేళ్లయింది."

"అయ్యో! అయినా నేను మాత్రం ఒలిచి పెట్టను సుమండీ. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనకి ఒలవడంతోనే సరిపోయింది. నాకంటూ ఒలిచి పెట్టినవాళ్లే లేరు. ఇదిగో కత్తెర. కీలు దగ్గర కత్తిరించి, పెంకు నిలువునా చీల్చి లాగండి."

"ఇలాగా? అబ్బ, మొత్తం వచ్చేసింది!"

"చూశారా! ఇక తినండి... అదేంటి, నా పళ్లెంలో పెట్టారు?"

"మొదటిది మీకే. తిని చెప్పండి."

ఆవిడ తింది. కళ్లజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.

"ఏమైందండీ, బాలేదా?"

"చాలా బాగుంది. ఆపేశారేం? ఇంకోటి ఒలవండి!"