ఎర్రసిరా కింది వేలిముద్ర

1988 జులై 11వ తేదీన ముద్దనూరు మండలంలోని ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో విధుల్లో చేరిన శ్రీ పసుపుల గురుమూర్తి గారు, ముప్పై ఏడేళ్ల సేవ ముగించుకొని ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. సమయపాలనలో గానీ, విషయ పరిజ్ఞానంలో గానీ ఆయనకు వంక పెట్టగలిగినవారు లేరు. వంక మరొక చోట ఉంది. దాన్ని వదిలేసి ఈ వ్యాసం రాయకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక షరతు. సన్మాన సంచికలో అదంతా ఎందుకని, సంచిక పనులు చూస్తున్న శిల్ప టీచర్ రెండుసార్లు అడిగారు. అది లేకుంటే నా ఫొటో కూడా వేయొద్దమ్మా అని ఆయన బదులిచ్చారు.

ముద్దనూరు పల్లెల్లో పదిహేనేళ్లు పనిచేసిన కాలంలో గురుమూర్తి గారు నమ్మిన సూత్రం ఒక్కటే. పిల్లలందరికీ ఒకే పాఠం, ఒకే నియమం, ఒకే శిక్ష. అందరినీ ఒకే కొలతతో కొలవడమే న్యాయమని ఆయన మనస్ఫూర్తిగా విశ్వసించారు. ఆ రోజుల్లో మేమందరమూ అదే విశ్వసించాం.

2003లో గణిత ఉపాధ్యాయులుగా పదోన్నతి పొంది ప్రొద్దుటూరు వచ్చారు. ఆ తరగతుల్లో సగం మంది ముస్లిం పిల్లలు. వారిలో చాలామంది తండ్రులు కువైట్‌లో ఉండేవారు. గురుమూర్తి గారి నియమం మాత్రం మారలేదు. ప్రగతి పత్రం మీద తండ్రి సంతకం ఉండాలి, లేకుంటే తరగతిలోకి రానివ్వరు.

మరుసటి ఏడాది త్రైమాసిక పరీక్షల్లో ఎనిమిదో తరగతి సాజియాకు లెక్కల్లో యాభైకి నలభై ఏడు వచ్చాయి. తరగతిలో అవే ఎక్కువ. ఆ పత్రం మీద ఆమె తల్లి ఖమ్రున్నీసా వేలిముద్ర వేసి పంపింది. గురుమూర్తి గారు దాన్ని ఎర్రసిరాతో కొట్టివేసి, తండ్రి సంతకం తేవలెనని పక్కన రాశారు. రెండు రోజుల తర్వాత దాని కింద సంతకం వచ్చింది. ఆ తండ్రి కువైట్‌లో ఉన్నాడని ఆయనకు తెలుసు. పిల్లను లేపి నిలబెట్టారు.

"ఏమ్మా, మీ నాయన రాత్రి విమానంలో వచ్చి సంతకం పెట్టి, పొద్దున్నే మళ్లా ఎగిరిపోయినాడా?"

నలభై ఆరు మంది నవ్వారు. పక్క గదిలో పాఠం ఆపి విన్న ఈ వ్యాసకర్త కూడా నవ్వాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, బాగా అడిగినావప్పా అని మెచ్చుకున్నాడు.

మరునాటి నుంచి సాజియా రాలేదు. వారం చూసి గురుమూర్తి గారు ఇంటికి వెళ్లారు. ఖమ్రున్నీసా తలుపు తెర వెనక నిలబడి మాట్లాడింది.

"సంతకం పెట్టమని దానికి చెప్పింది నేనే సార్. నా వేలు మీకు పనికిరాకపాయ. ఆయన యాడో ఉండె, నేను యాడ తెచ్చేది? అడిగేదేదో నన్ను అడగాల్సింది. నలుగురిలో దాని తల ఎందుకు వంచినారు?"

ఆయన ఆ గడప ముందుకు మరో మూడుసార్లు వెళ్లారు. తెర కదల్లేదు. లెక్కల్లో ముందున్న పిల్ల చదువు ఎనిమిదో తరగతిలోనే ఆగిపోయింది.

ఆ తర్వాతి గురుమూర్తి గారు వేరు. ప్రగతి పత్రాలు చంకన పెట్టుకొని, ఇంకుప్యాడు జేబులో వేసుకొని, ఆయనే ఇల్లిల్లూ తిరిగారు. అరుగు మీద కూర్చొని మార్కులు పైకి చదివేవారు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో చదవడానికి నలభై ఏళ్లు దాటాక ఉర్దూ అంకెలు నేర్చుకున్నారు. తెర వెనక నుంచి ఒక చేయి బయటికొచ్చి వేలిముద్ర వేసేది. 2010లో జమ్మలమడుగుకు బదిలీ అయ్యాక, రిజిస్ట్రార్ ఆఫీసు నడిచి పోతాంది చూడండప్పా అని తోటివారు ఎగతాళి చేసేవారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. అక్కడ బండలు కోసే ఇళ్ల పిల్లలకు వైశాల్యం నాపబండల మీదే నేర్పారు. ఆ తర్వాత పులివెందులలో శాతాలు చీనీ కాయల (బత్తాయిల) రాశుల దగ్గర చెప్పారు. ఇంట్లో ఏ మాటలో ఆలోచిస్తారో ఆ మాటలోనే లెక్క చెప్పండి, తెలుగులో తర్వాత రాద్దాం అనేవారు. ఆ రెండు ఊళ్లలో గడిపిన పదమూడేళ్లలో ఆయన తరగతి నుంచి ఒక్క ఆడపిల్ల కూడా మధ్యలో మానలేదు.

దీన్ని ప్రాయశ్చిత్తమని కొందరు అంటారు. కాదు. ఒక పిల్లకు చేసిన అన్యాయం మరో పిల్లకు చేసిన మేలుతో తీరదు.

రెండేళ్ల కిందట ఆయన తిరిగి ప్రొద్దుటూరు వచ్చారు. సాజియా పెళ్లయి ఇదే ఊళ్లో బట్టలు కుడుతోందని తెలిసినా, గడప తొక్కడానికి ధైర్యం చాలలేదు. మొన్న మే నెలలో వెళ్లారు. ఇరవై ఒక్క ఏళ్లు బీరువాలో దాచిన ఆ ప్రగతి పత్రాన్ని ఆమె చేతిలో పెట్టి, తప్పు నాదమ్మా అన్నారు. సాజియా సంతకం వైపు చూడలేదు. ఎర్రగీత కింద ఉన్న వేలిముద్రను చూసింది.

"అమ్మ పోయి మూడేళ్లాయ సార్. ఇది అప్పుడే తెచ్చింటే చూసుకునుండేది."

పోయినవారికి చెప్పుకునే క్షమాపణ ఎవరికీ చేరదు. ఇది ఈ వ్యాసకర్త సొంత అనుభవం మీద రాస్తున్న మాట. సన్మానానికి రమ్మని పిలిస్తే ఆమె కుట్టుమిషను ఆపకుండానే అంది:

"ఏమని చెప్పుకొని వచ్చేది సార్? మీ దగ్గర చదువుకున్నా అనేకి నేను చదువుకోలేదు కదా."

ఆమె కూతురు ఆసియా ఇప్పుడు ఏడో తరగతి. ఆ పిల్ల ప్రగతి పత్రం మీద సాజియానే సంతకం పెడుతోంది. లేచి వస్తూ, సాయంత్రాలు పిల్లకు లెక్కలు చెప్పడానికి రావచ్చునా అని గురుమూర్తి గారు అడిగారు. చూస్తాం సార్ అంది. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి ఆమె బదులు రాలేదు.

శ్రీ గురుమూర్తి గారికి, వారి సతీమణి సరోజమ్మ గారికి సహోద్యోగులందరి తరఫున అభినందనలు. ఆయన మోకాళ్లలో నడిచే సత్తువ, చూపులో అంకెలు ఆనే వెలుగు చిరకాలం నిలవాలి. ఆ ఇంటి నుంచి కబురు రావచ్చు, రాకపోవచ్చు. ఎంత ఆలస్యంగా వచ్చినా, వచ్చిన రోజున లేచి వెళ్లగలిగేటంత ఆరోగ్యమూ ఆయుష్షూ ఆయనకు ఉండాలని కోరుకుంటున్నాం.