బావ జేబులో ఫ్యూజు

నా అసలు పేరు మీరు పైన రాసుకున్నారు. మా వీధిలో ఎవరినడిగినా మాత్రం కితకితలు అనే చెబుతారు. వయసు నలభై తొమ్మిది. పాత సోఫాలు, కుర్చీలు విప్పి కొత్త బట్ట వేయడం నా పని. ఏడో తరగతి రెండుసార్లు చదివాను, రెండోసారి కూడా అర్థం కాలేదు. డిసెంబరు 23న ఇదే గదిలో ఇచ్చిన వాంగ్మూలంలో నేను ఇంట్లో ఉన్నానని, ఏమీ చూడలేదని చెప్పాను. ఇంట్లో ఉన్నమాట నిజం. రెండోది అబద్ధం. ఈరోజు 27. ఉదయం పదింటికి, ఎవరూ పిలవకుండా నా అంతట నేనే వచ్చి ఇది చెబుతున్నాను.

దెబ్బ తగిలినది మా అక్క భర్తకు. వయసు అరవై రెండు. కరెంటు లైన్‌మన్‌గా ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యారు. మా రెండిళ్లకూ గోడ ఒకటే, ముందు వరండా ఒకటే. వరండా నడుమ మోకాలెత్తు పిట్టగోడ ఉంది. ప్రతి క్రిస్మస్‌కు ఆయన వైపు ఆయన, నా వైపు నేను అలంకరిస్తాం. ఆయనది కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంటుంది. నాది కోతుల గుంపు వచ్చి కట్టి పోయినట్టు ఉంటుంది. వచ్చినవాళ్లు ఆయన వైపు చూసి మెచ్చుకుంటారు, నా వైపు చూసి నవ్వుతారు. నాకు నవ్వే కావాలి. పోయినేడు ఆయన గుమ్మానికి కట్టిన ఆకుల దండలో పచ్చిమిరపకాయలు గుచ్చాను. రెండు రోజులు ఎవరూ గమనించలేదు. మూడోరోజు మా అక్క చూసి, కోసుకెళ్లి కూరలో వేసింది.

మా బావకు ఒక అలవాటు ఉంది. ఏ వైరు ముట్టుకోవాలన్నా ముందు గుమ్మం పక్క బోర్డులోంచి ఫ్యూజు పీకి, చొక్కా జేబులో వేసుకుని, జేబు గుండీ పెట్టుకుంటారు. పని అయ్యేదాకా ఇంట్లో ఫ్యాను లేదు, దీపం లేదు. మా అక్క సణిగేది. "స్విచ్చి ఎవడైనా వేస్తాడు. నా జేబులో చెయ్యి ఎవడు పెడతాడే?" అనేవారు బావ.

22న మధ్యాహ్నం మూడింటికి వాళ్లిద్దరూ పాటల సాధనకని చర్చికి వెళ్లారు. అప్పటికే ఆయన తన వైపు దూలానికి పెద్ద కాగితపు నక్షత్రం, రెండు స్తంభాలకు చిన్న దీపాల తీగలు కట్టి ఉంచారు. నేను నక్షత్రం వైరును ఆయన లైనులోంచి విప్పి, మా ఇంట్లోంచి తెచ్చిన వైరుకు కలిపాను. దాన్ని చూరు కిందుగా లాగి, మా కిటికీ పక్క గోడకు బెజ్జం వేసి లోపలికి తీసి, నా స్విచ్చికి తగిలించాను. ఆయన దగ్గర నేర్చుకున్న పనే. నలభై నిమిషాలు పట్టింది.

ఐదింటికి వాళ్లు వచ్చారు. బావ స్విచ్చి వేస్తే స్తంభాల దీపాలు వెలిగాయి, నక్షత్రం వెలగలేదు. మూడుసార్లు వేసి చూశారు. నేను మా కిటికీ తెర వెనక నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వుతున్నాను. ఆయన లోపలికి వెళ్లారు. స్తంభాల దీపాలు ఆరిపోయాయి. అంటే ఫ్యూజు పీకారు. బయటికి వస్తూ జేబు గుండీ పెట్టుకోవడం నేను చూశాను. ఇది మళ్లీ చెబుతున్నాను, మళ్లీ రాయండి. గుండీ పెట్టుకోవడం నేను చూశాను.

నా ఆలోచన ఇది. ఫ్యూజు జేబులో ఉండగా నక్షత్రం వెలిగితే బావ మొహం చూడాలి. అంతకుమించి ఏమీ లేదు.

ఆయన నిచ్చెన ఎక్కారు. ఐదు ఇరవైకి నేను స్విచ్చి వేశాను. నక్షత్రం వెలగలేదు. అప్పటికే ఆయన బల్బు విప్పేసి, హోల్డరులో వేళ్లు పెట్టి లోపలి రేకులు సరిచేస్తున్నారు. కాగితం అడ్డం ఉండి ఆ చెయ్యి నాకు కనబడలేదు. ఇదేంటి వెలగలేదు అనుకున్నాను. ఒకటి, రెండు అనేంతసేపు అలా అనుకుంటూ నిలబడ్డాను. నిచ్చెన కదిలింది. నేను స్విచ్చి ఆపేసరికి ఆయన కింద ఉన్నారు. అరవలేదు. ఒక చెప్పు మాత్రం నిచ్చెన మూడో మెట్టు మీద, ఎవరో విప్పి పెట్టినట్టు, ఉండిపోయింది.

ఇక్కడి నుంచి చేసినది నవ్వు కోసం కాదు. పరుగెత్తి వెళ్లాను. ఊపిరి ఉంది, కళ్లు మూసుకుని ఉన్నారు. ఆయన జేబు గుండీ విప్పి ఫ్యూజు తీశాను. లోపలికి వెళ్లి బోర్డులో పెట్టాను. స్తంభాల దీపాలు వెలిగాయి. అప్పుడు కేక వేశాను. పెరట్లో బట్టలు నానబెడుతున్న మా అక్క సబ్బు చేతులతో వచ్చింది. వెలుగుతున్న దీపాలు చూసింది.

"ఫ్యూజు తియ్యలేదా? తియ్యలేదా ఈయన?" అంది.

నేను "ఏమో అక్కా" అన్నాను. ఆ మాట కూడా రాయండి.

ఐదు నలభైకి అంబులెన్సు వచ్చింది. నా భార్య మా అక్కతో ఎక్కింది. తాళాలు వేసి వస్తానని నేను ఆగిపోయాను. ఆగి వైరు పీకి, చుట్ట చుట్టి, సగం విప్పిన సోఫాలో దూది కింద దాచాను. ఆసుపత్రికి చేరేసరికి ఏడు. ఆయన కుడిచేతి వేళ్లు రెండు తీసేశారు. భుజం ఎముక విరిగింది.

25న ఉదయం బావ మాట్లాడారు. ఫ్యూజు తీశాననే అనుకున్నారట. గుండీ పెట్టుకున్నట్టు కూడా గుర్తుందట. జరగనిది గుర్తుండటం మొదలైందంటే ఇక తన పని అయిపోయినట్టే అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. పదకొండేళ్ల కిందట ఆయన దగ్గర పనిచేసే హెల్పరు కరెంటు స్తంభం మీద చనిపోయాడు. లైను ఆపాకే పైకి పంపానని బావ విచారణలో చెప్పారు. అవతలి చివర ఇంకెవరో లైను మళ్లీ కలిపారని తేలింది. ఇప్పుడు ఆయన అది ఒప్పుకోవడం లేదు.

"ఆరోజూ ఆపి ఉండను. ఆపాననుకుని ఉంటాను. ఇన్నేళ్లూ వాడి తల్లి ఎదుట మంచివాడిలా కూర్చుని టీ తాగానురా" అన్నారు.

రేపు డిశ్చార్జి. ఇంటికి రాకుండా నేరుగా ఆ తల్లి దగ్గరికి వెళ్లి, నీ కొడుకును చంపింది నేనే అని చెబుతానని పట్టుపట్టారు. మా అక్క వద్దని గట్టిగా అనలేకపోతోంది. ఆమె దీపాలు చూసింది కదా.

నిన్న సాయంత్రం నాలుగింటికి మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. వైరు తీసుకెళ్లి చూపించాను. అంతా విన్నారు. కట్టు కట్టిన చెయ్యి నా మోకాలి మీద పెట్టారు.

"నా మనసు కుదుటపడాలని నేరం నీ నెత్తిన వేసుకుంటున్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు ఆడిన అబద్ధాల్లో ఇదొక్కటే మంచిదిరా" అన్నారు.

ఒట్టేశాను. నవ్వారు. వైరు ఏ కొట్లోనైనా దొరుకుతుందన్నారు. మా అక్క, చాల్లే, ఇప్పుడు కూడానా అంది. నా భార్య ఒక్కతే నమ్మింది. ఆసుపత్రి వరండాలోకి లాక్కొచ్చి, "నీ మాట మన ఇళ్లలో చెల్లదు. స్టేషనుకు పో" అంది.

వైరు మీ బల్ల మీద పెట్టాను. గోడలో బెజ్జం పూడ్చలేదు, వచ్చి చూసుకోవచ్చు. శిక్ష సంగతి మీరు చూసుకోండి, బతిమాలను. నేను అడిగేది ఒకటే. రేపు ఉదయం తొమ్మిదికి ఆయనను పంపేస్తారు. ఆలోపు యూనిఫాంలో ఉన్నవాళ్లు ఎవరైనా వెళ్లి ఈ కాగితం ఆయనకు చదివి వినిపించాలి. నేను అక్కడ ఉండను. నన్ను చూస్తే మళ్లీ నవ్వుతారు.

ఇది నా నోటితో నేను చెప్పగా రాసినది, చదివితే విన్నాను, మార్చవలసింది లేదు. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. ఎవరినీ నవ్వించడానికి చెప్పినది ఇందులో ఒక్క ముక్క లేదు. నాకు సంతకం వచ్చు, చేస్తున్నాను. కానీ నా సంతకం ఒక్కటే ఉంటే ఆయన దీన్నీ వేళాకోళం కింద తీసేస్తారు, కనుక వేలిముద్ర కూడా వేయించుకోండి.

(సంతకం)
(ఎడమచేతి బొటనవేలి ముద్ర)