హైవే మావయ్య హాఫ్ క్లచ్

పంతొమ్మిది వందల తొంభై ఆరు, ఆగస్టు పద్దెనిమిది, ఆదివారం. పొద్దున్న పడీ పడనట్టు సన్నటి జల్లు కురిసి, తొమ్మిదిన్నరకల్లా ఆగిపోయింది. ఆ తర్వాత ఎండ కాసింది. గాలి లేదు. దండెం మీద వేసిన బట్టలు మధ్యాహ్నానికి కూడా ఆరలేదు. ఇంత వివరంగా ఎందుకు చెప్పాలంటే, ఆ రోజు జరిగినదాన్ని తర్వాత ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్పుకున్నారు. ఒకాయన అదంతా కుండపోత వానలో జరిగిందన్నాడు. కాదు. ఎండ, ఉక్కపోత, లేతు మిషను షెడ్డు ముందు నాలుగు కుర్చీలు, ఒక బెంచీ, ఆ పక్కన కారు.

షెడ్డు యజమాని పోయి నాలుగు నెలలైంది. పిల్లల్లేరు. ఎవరికి ఏది ఇవ్వాలో సొంత దస్తూరితో ఒక కాగితం రాసిపెట్టి పోయాడు. అన్నీ తేటగా రాసిన మనిషి కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇలా రాశాడు: "దాని జబ్బేమిటో చెప్పగలిగినవాళ్ళకి. తీర్పు మా ఆవిడది."

ఆ కారుని వీధిలో అందరూ ఉమ్మడి కుటుంబం అనేవారు. ఒళ్ళు ఒక కారుది, ఇంజను పాల వ్యానుది, కార్బురేటర్ మరో దానిది, సీట్లు పాతసామాన్లకి వేసిన బస్సువి. ఒకరి మాట ఒకరు వినకుండానే నలభై ఏళ్ళుగా ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. జబ్బులు కూడా అందరికీ తెలిసినవే. స్టార్టవుతుంది గానీ ఐడిల్, అంటే బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను సన్నగా ఆడుతూ ఉండడం, నిలవదు. మెట్లెక్కొచ్చిన మనిషిలా ఎగశ్వాస దిగశ్వాస పెట్టి, ఏ కూడలిలోనో ఆగిపోతుంది. గేరు వెయ్యబోతే క్లచ్ సరిగా విడవక కిర్రుమంటుంది. ఆయన బతికున్నన్నాళ్ళూ బయటి మెకానిక్కుని బానెట్ ముట్టనివ్వలేదు. డ్రైవర్ సీటులో పక్కింటి పిల్లిని కూడా కూర్చోనివ్వలేదు.

కారు కావాలన్నవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆయన తమ్ముడి కూతురు. పక్క వీధిలో మోటార్ వైండింగ్ షాపు నడుపుతుంది గనక అందరికీ మోటార్ల అమ్మాయి. రెండోవాడు యజమాని బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు. ఇతని కథలన్నీ హైవే మీదే మొదలవుతాయి కాబట్టి ఊరందరికీ హైవే మావయ్య. చేసిన ఉద్యోగం మాత్రం బస్సు డిపోలో టైమ్‌కీపర్. ముప్పై ఒక్క ఏళ్ళు ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో రాశాడు. తను మాత్రం ఇంటినుంచి డిపోకి, డిపోనుంచి ఇంటికి నడిచాడు. రిటైరయ్యాక ఒక్కసారైనా స్టీరింగు పట్టుకుని, తన టైము తనే రాసుకుని ఊరు దాటాలని అతని కోరిక. ఈ కోరిక ఎవరికీ చెప్పలేదు. కారు వచ్చేస్తోందని మాత్రం పది మందికి చెప్పేశాడు.

టీ కొట్టాయన గ్లాసులు తెచ్చి బెంచీ మీద పెట్టాడు. తన గ్లాసు తను తీసుకుని కూర్చున్నాడు. టైలర్ అప్పటికే కూర్చునున్నాడు, మెడలో టేపుతో సహా. ఎదురు కుర్చీలో యజమాని భార్య.

"అక్కా, దీని జబ్బు నాకు కొత్తగా తెలియాలా?" అని మావయ్య గొంతు సవరించుకున్నాడు. "పన్నెండేళ్ళ క్రితం, బావ నా చేతికి తాళం ఇచ్చి, ఒరేయ్, ఒక్కరోజు నువ్వు తోలు, నీ చేతిలో పడితేగానీ ఇది దారికి రాదు అన్నాడు. నువ్వప్పుడు ఊళ్ళో లేవు."

"నేను లేని రోజు చూసి ఇచ్చాడన్నమాట," అంది అక్క.

"అదే కదా! హైవే ఎక్కానో లేదో ఐడిల్ పడిపోయింది. ఇంకొకడైతే మెకానిక్కు కోసం పరిగెత్తేవాడు. నేను బానెట్ ఎత్తాను, చెవి ఆనించాను, బొటనవేలి గోరుతో కార్బురేటర్ స్క్రూ ఒక్క పావు తిప్పాను. అంతే. పసిపిల్ల నిద్రపోతున్నట్టు..."

"గోరుతోనా?" అన్నాడు టైలర్.

"అప్పట్లో గోళ్ళు గట్టిగా ఉండేవి. ఇప్పటి నీళ్ళు వేరు. సరే, గ్లాసు నిండా టీ పోసి బానెట్ మీద పెట్టాను. అంచు దాకా. ఇంజను నడుస్తోంది, టీ మీద మీగడ కదలదే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇంకో అర పావు తిప్పాను. ఐడిల్ ఎంత నెమ్మదిగా అయిందంటే, ఒక దెబ్బ కొడుతుంది, మనం టీ తాగుతాం, రెండో దెబ్బ కొడుతుంది."

"గ్లాసు టీ మొత్తమా?" టీ కొట్టాయనకి ఇది వృత్తిపరమైన సందేహం.

"సగం. అబద్ధమెందుకు? మిగతా సగం మూడో దెబ్బకి."

అక్క నవ్వింది. గట్టిగా కాదు, ముక్కుతో. నాలుగు నెలల్లో ఆ ముఖం మీద నవ్వు చూడని మావయ్య ఒక్క క్షణం మాట మరిచిపోయాడు. ఆ తర్వాత అతనికి రెండు ఆశలు కలగలిసిపోయాయి: కారు రావాలి, అక్క ఇంకోసారి నవ్వాలి. అందుకని కథకి ఇంకో గేరు వేశాడు.

"ఇక క్లచ్ సంగతికి రండి. ఘాట్ రోడ్డు. ఎదురుగా బస్సు, అరవై మంది జనం, ఇంజను చచ్చింది. డ్రైవరు నన్ను చూసి ఏడ్చినంత పని చేశాడు. సరే తాడు కట్టమన్నాను."

"ఎక్కే దారా, దిగే దారా?" అంది మోటార్ల అమ్మాయి. ఆ పిల్ల అప్పటిదాకా నోరు విప్పలేదు. చేతిగుడ్డతో వేళ్ళ మధ్య గ్రీజు తుడుచుకుంటోంది.

"ఎక్కే దారే తల్లీ, దిగే దారైతే నా గొప్పేముంది? తాడు కట్టాం. ఇప్పుడు రహస్యమంతా ఎడమ కాలిలో ఉంది. హాఫ్ క్లచ్. పూర్తిగా నొక్కితే బస్సు వెనక్కి జారుతుంది, పూర్తిగా వదిలితే ప్లేట్లు మాడి మసైపోతాయి. ఈ రెంటికీ మధ్య వెంట్రుకవాసి చోటుంది. అక్కడ నిలబెట్టాను, ఈ ఎడమ కాలిని, మూడు గంటలు." కాలు ముందుకి చాచి అందరికీ చూపించాడు. టైలర్ అలవాటు కొద్దీ దాని పొడుగు అంచనా వేశాడు.

"మూడు గంటలా! తిమ్మిరెక్కలేదూ?" అన్నాడు.

"ఎక్కింది. ఎక్కిందని తెలిస్తే కదా దిగడానికి! ధ్యాసంతా పెడల్ మీదే. మధ్యలో కాలి మీద దోమ వాలింది. కొట్టానా? కొడితే అరవై ప్రాణాలు లోయలోకి. దాన్ని తాగినంత తాగనిచ్చాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"దోమ లావైపోయింది," అన్నాడు టీ కొట్టాయన.

"కొండ పైన రైల్వే గేటు. గేటు దగ్గర రైలు ఆగిపోయి ఉంది."

"మావయ్యగారూ, వద్దు," అన్నాడు టైలర్ చేతులు జోడించి. "రైలుని వదిలెయ్యండి. దానికీ పిల్లాపాపా ఉంటారు."

"నేను వద్దనే అన్నాను! పద్నాలుగు పెట్టెలు, ఎండలో ఆగిపోయాయి. ఇంజను డ్రైవరు దిగొచ్చి, మీ బండి ఐడిల్ మోత నాకు మైలు దూరం నుంచి వినపడింది, సితారు తీగ మీటినట్టుంది, కాదనకండి అన్నాడు. ఏం చేస్తాను? బస్సు వెనక రైలు కట్టించాను. ఇదే ఎడమ కాలు. ఇదే హాఫ్ క్లచ్. ఆరో పెట్టెలో ఒకావిడ చంటివాడికి పాలు పడుతోందట, గిన్నెలో పాలు తొణకలేదని తర్వాత నాకు ఉత్తరం రాసింది."

అక్క ఇప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. మావయ్య కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. ఎదుటివాళ్ళ నవ్వు చూసి మాట ఆపుకోగలిగిన మనిషి ఇంకా పుట్టలేదు.

"అసలు సంగతి ఇప్పుడు వినండి. కొండ దిగేముందు, ఈ క్లచ్ కేబుల్ కాస్త వదులుగా ఉన్నట్టుందే అని రెండు చుట్లు బిగించాను. రెండే. కూర్చున్నాను. ఎడమ కాలు మెల్లగా వదిలాను. పట్టు పట్టింది చూశారూ! కారు కదల్లేదు. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదల్లేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డు కదులుతోంది. కారు ఉన్నచోటే ఉంది, రోడ్డే వెనక్కి పోయింది. మైలురాళ్ళు, చెట్లు, కల్వర్టులు, అన్నీ దొర్లుకుంటూ వస్తున్నాయి. తర్వాతి ఊరు మా దగ్గరికి తనే వచ్చేసింది. సర్పంచి కంగారుగా బయటికొచ్చి, బాబూ, కాస్త ఆపండి, మా బడి ఇంకా వెనకే ఉండిపోయింది అన్నాడు!"

టీ కొట్టాయనకి పొలమారింది. టైలర్ అతని వీపు మీద చరిచాడు. అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మోటార్ల అమ్మాయి కూడా నవ్వుతోంది గానీ మధ్య మధ్య కారు వైపు చూస్తోంది, చెయ్యి జారిపోతున్నదాన్ని చూసినట్టు. నోరు తెరవబోయి, తన పెద్దమ్మ నవ్వుని చూసి, మళ్ళీ మూసేసుకుంది.

"కాబట్టి అక్కా," అని మావయ్య తీర్పుకి దారి చేశాడు, "స్క్రూ పావు తిప్పాలి, కేబుల్ రెండు చుట్లు బిగించాలి. జబ్బు ఇదీ, మందు ఇదీ. ఇహ నీ ఇష్టం."

అక్క చెంగుతో మొహం తుడుచుకుని, నడుముకి దోపుకున్న తాళం తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఎక్కరా. ఇంత చెప్పావు, ఆ హాఫ్ క్లచ్ ఏదో మాకూ ఒక్కసారి చూపించు."

మావయ్య పిడికిలి మూశాడు. తాళం వేడిగా ఉంది. తలుపు తీశాడు, కూర్చున్నాడు, స్టీరింగు రెండు చేతులా పట్టుకున్నాడు. జీవితంలో మొదటిసారి అద్దంలో తన ముఖం వెనక రోడ్డు కనపడింది. తాళం తిప్పాడు. నాలుగు నెలల తర్వాత కూడా ఇంజను అందుకుంది. అందుకుని, ఎగశ్వాస, దిగశ్వాస.

"చూశారా, నన్ను గుర్తుపట్టింది!"

"ఇప్పుడు క్లచ్ నొక్కు," అంది అక్క.

ఎడమ కాలు చాచాడు. నేల తగిలింది. కాస్త కుడికి జరిపాడు, అక్కడున్నది బ్రేకు. కాస్త పైకెత్తాడు, గాలి. ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టుకుని, కింద కాలితో చీకట్లో చెప్పు వెతుక్కున్నట్టు ఆ మూల నుంచి ఈ మూలకి దేవులాడాడు. ఆఖరికి వంగి చూశాడు. పెడళ్ళు రెండు. ఒకటి బ్రేకు, ఒకటి యాక్సిలరేటర్. మూడోదాని చోట రేకు ముక్క వేసి నున్నగా వెల్డింగు చేసి ఉంది. ఆ వెల్డింగు కూడా తుప్పు పట్టి ఉంది.

అందరూ కిటికీ దగ్గరికొచ్చి చూశారు.

"మావయ్యగారూ," అన్నాడు టైలర్ మెల్లగా, "రోడ్డుతోపాటు అది కూడా వెనక్కి పోయినట్టుంది."

"మీ బావకి ఎడమ మోకాలు వంగడం మానేసి ఇరవై రెండేళ్ళు," అంది అక్క. "అప్పుడే పెడల్ పీకేసి, గేరు పక్కన చేతి లివర్ పెట్టుకున్నాడు. అదుగో. ఇన్నేళ్ళూ వెనక సీటులో కూర్చుని మాట్లాడావు గానీ, ముందుకి ఒక్కసారి తొంగి చూడలేదు కదరా నువ్వు."

"మరి మొదట్లోనే చెప్పొచ్చుగా?"

"చెబితే రైలు ఆగిపోయేది," అంది అక్క.

ఇంజను మళ్ళీ పడిపోబోయింది. మోటార్ల అమ్మాయి బానెట్ ఎత్తింది. "పెద్దమ్మా, జబ్బులు రెండు కావు, ఒకటే. ఇంజను గాలి పీలుస్తుంది కదా, ఆ పీల్పుతోనే పెదనాన్న చేతి క్లచ్ లాగేలా చేశారు. రెంటికీ మధ్య ఉన్నదల్లా ఈ రబ్బరు గొట్టం. ఇది చిట్లితే దొంగగాలి దూరి ఐడిల్ నిలవదు. పీల్పు చాలక క్లచ్ విడవదు. ఏడాదికోసారి నేనే మార్చేదాన్ని. ఈ ఏడు ఆయన మంచం పట్టారు, కుదర్లేదు." అని జానెడు గొట్టం మీద ఒకచోట బొటనవేలు గట్టిగా అదిమిపెట్టింది.

ఎగశ్వాస ఆగింది. దిగశ్వాస ఆగింది. ఇంజను ఒకే స్వరం మీద నిలబడింది. ఆ పిల్ల మావయ్య వైపు చూసి, "లివర్ లాగి గేరు వెయ్యండి మావయ్యా," అంది. వేశాడు. కిర్రుమనలేదు.

పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఆ మోత వింటూ ఉండిపోయింది.

తీర్పు ఇంకో అయిదు నిమిషాలకి వచ్చింది. కారు మోటార్ల అమ్మాయికి. మిగతావి కాగితంలో ఉన్నట్టే: ఇల్లూ షెడ్డూ పెద్దమ్మకి, లేతు మిషను దాని మీద ఇరవై ఏళ్ళు పని చేసిన టర్నరుకి, రేడియో టీ కొట్టాయనకి, షెడ్డులోని పెద్ద బల్ల, గుడ్డ పరుచుకుని కత్తిరించుకోడానికి, టైలర్‌కి. హైవే మావయ్యకి ఏమీ రాలేదు. ఆ సాయంత్రం అమ్మాయే గొట్టం మార్చి అతన్ని కార్లో ఇంటి దగ్గర దింపింది, పక్క సీటులో కూర్చోబెట్టుకుని. ఆమె చెయ్యి లివర్ లాగినప్పుడల్లా దాన్నే చూస్తూ, దారి పొడుగునా అతను ఒక్క మాట మాట్లాడలేదట. ఈ సంగతి ఆ పిల్ల మర్నాడు టీ కొట్టు దగ్గర చెబితే ఒక్కరూ నమ్మలేదు.