ముల్లు మీద దుమ్ము

కోకాపేట ఫ్లాట్లో మామగారు పార్థసారథి వాకింగ్‌కని కిందికి దిగారో లేదో, ఉదయ్ భాస్కర్ స్టూలెక్కి గోడనున్న, ఎండావానా ముందే చెప్పే పాతకాలపు పాదరసం బారోమీటరు అద్దం తెరిచాడు. తెరిచి, భార్య నీహారికకు దొరికిపోయాడు.

"దుమ్ము తుడుస్తున్నాను."

"ముల్లు పట్టుకుని తిప్పుతూనా?"

"మెల్లగా. ఆయన వచ్చేస్తారు."

"ఉదయ్, ఏం చేస్తున్నావు?"

"ఫోన్లో ఇవాళ వానని ఉంది. ఇది ఎండ మీదుంది. అందుకని జరిపాను."

"నువ్వు జరపడమేంటి? లోపల పాదరసం పెరిగినా తగ్గినా దాని మీది గాజుగుండు దారాన్ని లాగి ముల్లుని..."

"పాదరసం లేదు నీహా."

"లేదంటే?"

"కారిపోయింది. విజయవాడ నుంచి తెచ్చేటప్పుడు, కార్లో."

"పడుకోబెట్టొద్దన్నారు కదా నాన్న. మనిషిని కూర్చోబెట్టినట్టు నిలబెట్టి, బెల్టు పెట్టమన్నారు."

"పెట్టాను. సూర్యాపేట దాకా. అద్దంలో వెనకొచ్చే బండ్లు కనబడ్డం లేదని, ఇక..."

"అయితే కారు సీట్లు ఎలుక కొరికిందని మార్పించావే, అది?"

"ఎలుక లేదు."

"మన గృహప్రవేశానికి ఇవ్వాలని నాన్న ఎంత కష్టపడ్డారో తెలుసా? పాతసామాన్ల కొట్లో గొట్టం పగిలి పడున్నదాన్ని తెచ్చి, చెక్కకి మెరుగుపెట్టి, గాలిబుడగ ఒక్కటైనా మిగలకుండా కొత్త గొట్టం నింపి..."

"తెలుసు. తెలిసే చెప్పలేకపోయాను. గృహప్రవేశం రోజు అందరి ముందూ ఏమన్నారు? నాకంటే జాగ్రత్తపరుడు మా అల్లుడు అన్నారు. తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అప్పుడే చెప్పుండాల్సింది."

"చెప్పకుండా, ఆయన వచ్చినప్పట్నించీ రోజూ తిప్పుతున్నావా?"

"పొద్దున పూటే. కానీ ఒకటి చెప్పనా? నవ్వకు."

"నవ్వొచ్చేలా ఉన్నానా?"

"మొన్న ఎండ మీద పెట్టి ఆఫీసుకెళ్ళాను. మధ్యాహ్నం కుండపోత. వచ్చి చూస్తే ముల్లు దానంతటదే వాన మీదకొచ్చింది. ఎక్కడో కాస్త పాదరసం మిగిలుందేమో. బాగుచేయిస్తే, ఆయనకి తెలియకుండానే..."

"మొన్నా?"

"ఆఁ, మొన్నే. ఏం?"

"మొన్న మధ్యాహ్నం నాన్న ఈ స్టూలెక్కారు."

"ఎందుకు?"

"దుమ్ము తుడుస్తున్నానమ్మా, అల్లుడికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు అన్నారు. దుమ్ము గురించేననుకున్నాను."